పగలు బాగానే ఉండి రాత్రయితే ఆగిపోయే గేటు కెమెరా: తప్పు కెమెరాదా, అడాప్టర్‌దా, వైరుదా?

ఇంటికి దూరంగా, గేటు దగ్గరో బోరు షెడ్డు దగ్గరో కెమెరా పెట్టించుకున్నవాళ్లలో చాలామందికి ఈ తలనొప్పి తెలిసే ఉంటుంది. పగలంతా బొమ్మ శుభ్రంగా వస్తుంది, చీకటి పడగానే డీవీఆర్‌లో (కెమెరాల వీడియో రికార్డు చేసే డబ్బాలో) ఆ ఒక్క ఛానెల్ మీద వీడియో లాస్ అని వస్తుంది, ఓ నిమిషానికి బొమ్మ వస్తుంది, మళ్లీ పోతుంది, తెల్లవార్లూ ఇదే తంతు, పొద్దున లేచి చూస్తే ఏమీ ఎరగనట్టు చక్కగా పనిచేస్తూ ఉంటుంది. టెక్నీషియన్ వచ్చేది పగలే కాబట్టి "బాగానే ఉంది కదా సార్" అనేసి పోతాడు.

కాస్త పట్టుబడితే మల్టీమీటర్ తీస్తాడు. కెమెరా దగ్గర పిన్ ఊడదీసి అందులో ప్రోబులు పెడితే 12.1 చూపిస్తుంది. "వోల్టేజ్ ఫుల్లుగా వస్తోంది, కెమెరానే పోయింది" అని తీర్పు. కొత్త కెమెరా పెడతారు, ఆ రాత్రి మళ్లీ అదే కథ. అప్పుడు అనుమానం అడాప్టర్ మీదకి పోతుంది, 2 ఆంప్స్‌ది తీసేసి 5 ఆంప్స్‌ది పెడతారు, అయినా అంతే. ఈపాటికి మూడు నాలుగు వేలు ఖర్చయి ఉంటాయి, అసలు దొంగ మాత్రం గోడ వెంబడి పైపులో హాయిగా పడుకుని ఉంటాడు.

ఇక్కడ మొత్తం చిక్కు ఆ 12.1 రీడింగ్‌లోనే ఉంది. మీటరు అబద్ధం చెప్పలేదు, కానీ మనం అడిగిందే తప్పు ప్రశ్న. వైరులో వోల్టేజ్ తగ్గాలంటే అందులో కరెంటు పారాలి, పారే ఆంప్స్‌ని వైరు రెసిస్టెన్స్‌తో గుణిస్తే ఎంతొస్తుందో అంతే తగ్గుతుంది. పిన్ ఊడదీసినప్పుడు ఆ వైరు మీద ఉన్నది మీటరు ఒక్కటే, మామూలు డిజిటల్ మీటరు రెసిస్టెన్స్ 10 మెగా ఓంలు ఉంటుంది కాబట్టి అది తీసుకునే కరెంటు మైక్రో ఆంప్ లెక్కలో ఉంటుంది, అంత కొంచెం కరెంటుకి వైరు ఎంత సన్నగా ఉన్నా, ఎంత పొడుగున్నా, జాయింట్ తుప్పు పట్టి ఉన్నా సరే అవతల 12 వోల్టులే కనిపిస్తాయి. అంటే పిన్ ఊడదీసి కొలిస్తే వైరు తెగలేదు అని మాత్రమే తెలుస్తుంది, అంతకు మించి ఇంకేమీ తెలియదు.

సరే, అసలు ఎంత తగ్గుతుందో లెక్క వేద్దాం, పెద్ద లెక్కేం కాదు. మన దగ్గర అనలాగ్ కెమెరాకి నెట్‌వర్క్ కేబుల్ లాగి రెండు చివర్లా బాలన్ (ఆ కేబుల్ మీద వీడియో వెళ్లేలా కలిపే చిన్న కనెక్టర్) పెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు, ఒక జత వీడియోకి, ఇంకో జత పవర్‌కి, మిగతా రెండు జతలు ఊరికే వదిలేస్తారు. ఆ కేబుల్‌లో మామూలుగా ఉండేది 24 గేజ్ తీగ, అసలు రాగి అయితే కిలోమీటరుకి 84 ఓంల చిల్లర. ఇంటి నుంచి గేటుకి 60 మీటర్లు అనుకుంటే ఒక్కో తీగకి 5 ఓంలు. ప్లస్ తీగలో వెళ్లిన కరెంటు మైనస్ తీగలో తిరిగి రావాలి కాబట్టి మొత్తం 10 ఓంలు, ఈ రెట్టింపు సంగతి లెక్కలో మర్చిపోయేవాళ్లు చాలామంది.

కెమెరా సంగతి చూద్దాం. ఓ మామూలు బుల్లెట్ కెమెరా పగలు 2.4 వాట్లు తింటుంది, రాత్రి ఐఆర్ ఎల్ఈడీలు (చీకట్లో చూడటానికి కెమెరా వేసుకునే ఇన్‌ఫ్రారెడ్ లైట్లు) వెలిగితే 5 వాట్లు తింటుంది అనుకోండి (మీ కెమెరాది స్టిక్కర్ మీద చూసుకోండి, తేడా ఉంటుంది). 12 వోల్టుల దగ్గర అయితే పగలు 0.2 ఆంప్స్, రాత్రి 0.42 ఆంప్స్. కాబట్టి రాత్రి 10 ఓంల మీద 4.2 వోల్టులు పోతాయి, 7.8 మిగులుతుంది అని లెక్క తేల్చేస్తారు చాలామంది. నిజంగా జరిగేది ఇంతకన్నా ఘోరం.

ఎందుకంటే కెమెరా లోపల ఒక చిన్న కన్వర్టర్ ఉంటుంది, వచ్చిన 12 వోల్టుల్ని అది తనకి కావాల్సిన 5కో 3.3కో దించుకుంటుంది. దానికి కావాల్సినవి వాట్లు. వోల్టేజ్ తక్కువొస్తే ఆ లోటు పూడ్చడానికి ఎక్కువ ఆంప్స్ లాగుతుంది, ఎక్కువ లాగితే వైరులో ఇంకా ఎక్కువ పోతుంది, దాంతో కెమెరాకి ఇంకా తక్కువ వస్తుంది, అది ఇంకా ఎక్కువ లాగుతుంది. పొలంలో మోటారు ఉన్నవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు, లో వోల్టేజ్‌లో నడిపితే మోటారు ఎక్కువ ఆంప్స్ లాగి వైండింగ్ కాలిపోతుందని స్టార్టర్ డబ్బా ముందు నిలబడి మీటరు చూసినవాళ్లందరికీ తెలుసు, ఇక్కడా దాదాపు అదే కథ, కాకపోతే కాలిపోయే బదులు ఆగిపోతుంది.

దీనికి ఒక హద్దు ఉంది, అది తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. మన 10 ఓంల వైరులోంచి 0.5 ఆంప్స్ లాగితే 5 వోల్టులు పోతాయి, 7 మిగులుతాయి, కెమెరాకి అందేది 3.5 వాట్లు. 0.6 లాగితే 6 పోతాయి, 6 మిగులుతాయి, 3.6 వాట్లు. 0.7 లాగితే 7 పోయి 5 మిగులుతాయి, మళ్లీ 3.5 వాట్లే! ఆంప్స్ పెరిగాయి, అందింది మాత్రం తగ్గింది. అంటే ఈ వైరు అవతలి కొసన 3.6 వాట్లకు మించి ఎవరు ఏం చేసినా అందించలేదు, సగం వోల్టేజ్ వైరులోనే పోయే చోట దాని దమ్ము అయిపోతుంది. పగలు కావాల్సిన 2.4 వాట్లు ఈ హద్దు లోపలే ఉన్నాయి కాబట్టి సుమారు 9.5 వోల్టుల మీద కెమెరా ఎలాగోలా నడుస్తుంది. రాత్రి కావాల్సింది 5. అది ఈ వైరుతో అయ్యే పని కాదు.

అందుకే లైటు డిమ్ అయినట్టు మెల్లగా మసకబారకుండా ఒక్కసారిగా ఢమాల్‌మంటుంది. చీకటి పడుతుంది, ఐఆర్ వెలుగుతుంది, వోల్టేజ్ కుప్పకూలుతుంది, కెమెరా ఆగిపోతుంది. ఆగిపోగానే లోడ్, అంటే కరెంటు లాగేది, పోయింది కాబట్టి వోల్టేజ్ మళ్లీ 12కి లేస్తుంది, కెమెరా బూట్ అవుతుంది, చీకటిగా ఉందే అని ఐఆర్ వేస్తుంది, మళ్లీ మొదటికి. రాత్రి కెమెరా కింద నిలబడి చెవి పెట్టి వింటే లోపల పగలు-రాత్రి ఫిల్టర్ మారే టిక్ టిక్ శబ్దం ఒక లయలో వినిపిస్తుంది, ఎల్ఈడీల ఎర్రటి మసక వెలుగు వచ్చి పోతూ ఉంటుంది. ఇది కనిపించిందంటే కెమెరా మీద కన్నా పవర్ మీద అనుమానం పెట్టుకోవడమే తెలివైన పని.

5 ఆంప్స్ అడాప్టర్ ఎందుకు పనిచేయలేదో కూడా ఇప్పుడు తెలిసిపోయి ఉంటుంది. అడాప్టర్ మీద రాసే ఆంప్స్ అంటే అది ఇవ్వగలిగే గరిష్ఠం, అంత కరెంటుని వైరులోకి బలవంతంగా తోస్తుందని కాదు. అసలు ఇక్కడ సగం ఆంప్ కూడా సరిగ్గా పారట్లేదు, అవతల 5 ఆంప్స్‌ది ఉంటే ఏంటి, 50 ఆంప్స్‌ది ఉంటే ఏంటి. షాపులో "ఆంప్స్ పెంచండి సార్, సెట్ అయిపోద్ది" అనే మాట ఇంకా నడుస్తూనే ఉంది, పాత అడాప్టర్ నిజంగానే నీరసించి ఉంటే తప్ప దాంతో ఒరిగేదేమీ లేదు.

నీరసించి ఉండొచ్చు కూడా. అడాప్టర్ లోపలి కెపాసిటర్లు ఎండిపోతే పగలు సరిపోయి రాత్రి చేతులెత్తేయడం అచ్చం ఇలాగే ఉంటుంది. అందుకని అన్నిటికన్నా ముందు చేయాల్సిన పరీక్ష, పైసా ఖర్చు లేనిది: కెమెరా విప్పి ఇంట్లోకి తెచ్చి అదే అడాప్టర్‌కి నేరుగా తగిలించి, ముందు వైపున్న చిన్న లైట్ సెన్సర్ మీద నల్ల టేపు వేయడం. కొన్ని కెమెరాలకి విడిగా సెన్సర్ ఉండదు, బొమ్మ చూసే రాత్రా పగలా తేల్చుకుంటాయి, వాటికి లెన్సు మొత్తం మూసేయాలి. ఐఆర్ వెలిగి పది నిమిషాలు నిలకడగా ఉందా, కెమెరాదీ అడాప్టర్‌దీ తప్పు లేదు, వైరు దగ్గరకి పదండి. ఇంట్లో కూడా రీస్టార్ట్ అవుతుంటే ఇంకో అడాప్టర్ పెట్టి చూస్తే ఆ ఇద్దరిలో ఎవరో తేలిపోతుంది. అదే పనిగా ఆ పిన్ కూడా చూడండి, బయటి సైజు 5.5 మిల్లీమీటర్లే అయినా లోపలి బొక్క 2.1 ఉన్నవీ 2.5 ఉన్నవీ రెండు రకాలు దొరుకుతాయి, 2.1 సాకెట్‌లో 2.5 పిన్ పెడితే దూరినట్టే ఉంటుంది కానీ వదులుగా ఆడుతూ ఉంటుంది.

ఇక వైరుని కొలవడం. రూలు ఒక్కటే, లోడ్ ఉండగా కొలవాలి. పిన్ పెట్టే ఉండాలి, ఐఆర్ వెలగాలి, అప్పుడు కొలవాలి. దీనికి పచ్చ రంగు స్క్రూ టెర్మినల్ ఉన్న డీసీ కనెక్టర్లు మగదొకటి ఆడదొకటి తీసుకుని జానెడు వైరుతో కలిపి మధ్యలో పెడితే ఆ స్క్రూల మీద ప్రోబులు ఆనించి హాయిగా చూసుకోవచ్చు. ఒకసారి కెమెరా దగ్గర, ఒకసారి అడాప్టర్ దగ్గర. అడాప్టర్ దగ్గర 12 నిలబడి కెమెరా దగ్గర పడిపోతుంటే వైరు, రెండు చోట్లా పడిపోతుంటే అడాప్టర్.

చిక్కేంటంటే కెమెరా ఆగుతూ లేస్తూ ఉంటే రీడింగ్ కూడా గంతులేస్తుంది, ఏ అంకె పట్టుకోవాలో తెలియదు. అప్పుడు ఆటో ఎలక్ట్రికల్ షాపులో దొరికే 12 వోల్టుల 5 వాట్ల పార్కింగ్ బల్బు ఒకటి తెచ్చి కెమెరా బదులు అది తగిలించండి. బల్బు మొండిది, వోల్టేజ్ తగ్గితే కరెంటు కూడా తగ్గించుకుని మందంగా వెలుగుతుంది తప్ప ఆగిపోదు, కాబట్టి రీడింగ్ నిలబడుతుంది. మీటరుని ఆంప్స్‌లో పెట్టి సిరీస్‌లో 0.35 వచ్చింది, ఆ తర్వాత వోల్టుల్లో పెట్టి చూస్తే అడాప్టర్ దగ్గర 12, బల్బు దగ్గర 8.5 అనుకోండి, పోయిన 3.5ని 0.35తో భాగిస్తే 10 ఓంలు. (ఆంప్స్ చూశాక ఎర్ర ప్రోబుని మళ్లీ వోల్టుల సాకెట్‌లోకి మార్చుకోండి, మర్చిపోతే షార్ట్ అయి మీటరులో ఫ్యూజు ఎగిరిపోవచ్చు.)

ఇప్పుడు ఈ కొలిచిన 10ని లెక్క ప్రకారం రావాల్సినదానితో పోల్చండి. రెండూ దగ్గరగా ఉంటే వైరులో రోగమేం లేదు, ఆ దూరానికి ఆ మందం చాలదు అంతే. 10 రావాల్సింది 15, 16 వస్తే రెండు అనుమానాలు. మొదటిది అది రాగే కాదు. రాగి పూత వేసిన అల్యూమినియం తీగ, పైకి అచ్చం రాగిలాగే ఉంటుంది, రెసిస్టెన్స్ సుమారు ఒకటిన్నర రెట్లు. బ్లేడుతో గీకి చూస్తే లోపల తెల్లగా మెరుస్తుంది, చేతికి కేబుల్ కట్ట తేలిగ్గా అనిపిస్తుంది, నాలుగుసార్లు వంచితే పుటుక్కున విరుగుతుంది. మార్కెట్‌లో చవగ్గా దొరికే కట్టల్లో ఇది చాలా ఎక్కువ, డేటాకే ఇబ్బంది పెట్టే సరుకుని పవర్‌కి వాడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

రెండో అనుమానం జాయింట్. కేబుల్ చాలక మధ్యలో ఎక్కడో తీగలు మెలిపెట్టి ఇన్సులేషన్ టేపు చుట్టేసి ఉంటారు, రెండు వానాకాలాలు గడిచేసరికి రాగి ఆకుపచ్చగా మారిపోయి ఉంటుంది, అదే అల్యూమినియం అయితే తెల్లటి పిండి. ప్లస్ తీగలో ఉందా మైనస్ తీగలోనా అన్నది 60 మీటర్లు తవ్వకుండానే తేల్చొచ్చు, కేబుల్‌లో ఊరికే వదిలేసిన తీగలు ఉన్నాయి కదా, అవి పనికొచ్చేది ఇక్కడే. కెమెరా చివర ఒక ఖాళీ తీగని ప్లస్‌కి కలపండి. ఇంటి దగ్గర మీటరు ఒక ప్రోబు అడాప్టర్ ప్లస్ మీద, ఇంకోటి ఆ ఖాళీ తీగ మీద పెడితే, లోడ్ నడుస్తుండగా వచ్చే రీడింగ్ అచ్చంగా ప్లస్ తీగలో పోతున్న వోల్టేజ్. ఖాళీ తీగ కూడా సన్నదే కదా అంటారేమో, అందులో పారేది మీటరు కరెంటే, ముందు మనల్ని మోసం చేసిన గుణమే ఇప్పుడు పనికొస్తోంది. అలాగే మైనస్‌కి కూడా చూడండి. రెండూ ఒకేలా ఉండాలి. ఒకదాంట్లో 1.7, ఇంకోదాంట్లో 3.5 వస్తే ఆ రెండోదాంట్లో చెడ్డ జాయింట్ ఉన్నట్టే.

నెట్‌వర్క్ కేబుల్ కాకుండా త్రీ ప్లస్ వన్ కేబుల్ (మూడు పవర్ తీగలు, ఒక వీడియో వైరు కలిసి వచ్చేది) వాడినవాళ్లకి ఇంకో గమ్మత్తు. మైనస్ తీగ పూర్తిగా తెగిపోయినా కెమెరా నడుస్తూ ఉండొచ్చు, ఎందుకంటే తిరుగు కరెంటు వీడియో వైరు జాలీ గుండా డీవీఆర్ మీదుగా వెళ్లిపోతుంది, బొమ్మ మీద మాత్రం అడ్డంగా చారలు పాకుతూ ఉంటాయి. డీవీఆర్ వెనక ఆ కెమెరా వీడియో పిన్ (బీఎన్‌సీ) పీకితే కెమెరా లైట్లు కూడా ఆరిపోతే ఇదే జరుగుతున్నట్టు.

ఇక మందు ఏంటి అంటే, పైసా ఖర్చు లేనిది ముందు. ఖాళీగా ఉన్న జతల్ని వాడుకోండి. వీడియోకి ఒక జత పోగా మిగిలిన మూడు జతల్లో ఆరు తీగలు, మూడు కలిపి ప్లస్, మూడు కలిపి మైనస్, రెండు చివర్లా రంగులు ఒకేలా ఉండేలా చూసుకుంటే చాలు. రెసిస్టెన్స్ 10 నుంచి 3.3కి దిగుతుంది, రాత్రి 5 వాట్ల దగ్గర కూడా కెమెరాకి 10.4 వోల్టులు అందుతాయి. స్టిక్కర్ మీద ±25 శాతం అని ఉన్న కెమెరాకి ఇది ధీమాగా సరిపోతుంది, ±10 అని ఉంటే 10.8 కావాలి కాబట్టి కొంచెం తక్కువే. అంతకన్నా కావాలంటే పవర్‌కి విడిగా 1 స్క్వేర్ ఎంఎం రాగి టూ కోర్ వైరు లాగితే అదే 60 మీటర్లకి 10.9 దాకా వస్తుంది. దూరం 150 మీటర్లు, 200 మీటర్లు అయితే ఈ వైరు మందం ఆట జేబుకి చిల్లు పెడుతుంది, అక్కడ దారి మార్చాలి.

ఆ దారి ఎప్పటిదో. 1882లో ఎడిసన్ న్యూయార్క్ పెర్ల్ స్ట్రీట్‌లో 110 వోల్టుల డీసీ స్టేషన్ పెట్టినప్పుడు మైలు దాటి కరెంటు పంపలేకపోవడానికి కారణం ఇదే, రామగుండంలో తయారైన కరెంటు హైదరాబాద్‌కి 400 కిలోవోల్టుల లైను మీద రావడానికి కారణమూ ఇదే. వోల్టేజ్ పెంచి పంపు, అవతల దించుకో. మన గేటు లెవెల్లో చెప్పాలంటే ఇంటి దగ్గర 24 వోల్టుల ఎస్ఎంపీఎస్ (ఇంటి కరెంటుని డీసీగా మార్చే పవర్ సప్లై), కెమెరా దగ్గర 12కి దించే ఒక చిన్న బక్ కన్వర్టర్, ఎల్ఎం 2596 చిప్‌తో వచ్చే బోర్డులు వంద రూపాయల అటూ ఇటూ దొరుకుతాయి. మొదట్లో చెప్పుకున్న అదే ఒంటి జత, అదే 10 ఓంలు, అయినా పారేది 0.28 ఆంప్సే, అవతల 21 వోల్టులు మిగులుతాయి, దాన్ని 12కి దించుకోవడం బోర్డుకి చాలా తేలిక. జాగ్రత్త ఏంటంటే బోర్డు మీద వోల్టేజ్ సెట్ చేసే నీలం రంగు ప్రీసెట్ స్క్రూ ఉంటుంది, అది చాలా చుట్లు తిరిగే రకం, మొదట ఎంత తిప్పినా ఏమీ మారనట్టే ఉంటుంది, ఓపిగ్గా తిప్పి మీటరులో 12 వచ్చాకే కెమెరా తగిలించాలి. బోర్డు పెట్టిన డబ్బా గట్టిగా మూసేయండి, లేకపోతే చీమలూ బల్లులూ కాపురం పెడతాయి, బోర్డులు పోయేది వేడికన్నా వీటివల్లే ఎక్కువ అని నా అనుమానం.

గేటు దగ్గర లైటు కోసం ఇప్పటికే 230 వోల్టుల లైను ఉంటే ఇవేవీ అక్కర్లేదు, అడాప్టర్‌ని అక్కడికే మార్చి వాన తగలని డబ్బాలో పెట్టేయండి. నెట్‌వర్క్ కేబుల్‌లో ఖాళీగా ఉన్న జతల్లో 230 పంపుదాం అనే ఐడియా మాత్రం ఎవరిచ్చినా వినకండి, ప్రాణాల మీదకి వస్తుంది.

కొత్తగా పెట్టించేవాళ్లయితే ఐపీ కెమెరా (నెట్‌వర్క్ మీద పనిచేసేది) తీసుకుని పీఓఈ స్విచ్ (అదే నెట్‌వర్క్ కేబుల్‌లో పవర్ కూడా పంపేది) పెట్టుకోవడానికే నా ఓటు. 2003లో వచ్చిన 802.3ఏఎఫ్ స్టాండర్డ్ ప్రకారం స్విచ్ 44 నుంచి 57 వోల్టుల మధ్య పంపుతుంది, పోర్టుకి 15.4 వాట్లు ఇస్తుంది, 100 మీటర్ల అవతల 12.95 వాట్లు అందుతాయని హామీ. మధ్యలో పోయే రెండున్నర వాట్లు వైరు ఖాతాలో ముందే రాసేశారు. పైగా అవతల సరైన పరికరం ఉందో లేదో ముందు చిన్న వోల్టేజ్‌తో తడిమి చూసి, ఉంటేనే పూర్తి వోల్టేజ్ వదులుతుంది. పాసివ్ పీఓఈ అని అమ్మే వైరు ముక్కల జతకి ఈ తెలివి ఉండదు, వాటితో 12 వోల్టులే పంపిస్తే మళ్లీ మన పాత కథే.

చివరగా, మెటల్ డబ్బా ఎస్ఎంపీఎస్‌లలో వోల్టేజ్ పెంచే చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని తిప్పి 13 చిల్లరకి పెంచేసి చేతులు దులుపుకునేవాళ్లు ఉన్నారు. ఒక్క కెమెరాకి విడిగా ఉంటే కొంతవరకు పర్లేదు. అదే డబ్బా మీద వరండాలో, హాల్లో ఉన్న కెమెరాలు కూడా ఉంటే వాటికి వైరులో పోయేదేమీ లేదు కాబట్టి ఆ 13 చిల్లర నేరుగా వాటి నెత్తిన పడుతుంది, గేటు కెమెరా బాగుపడి ఇంట్లోవి వేడెక్కుతాయి. స్క్రూ జోలికి పోకుండా వైరు సంగతి చూడండి. అది చూశాక రాత్రి పూట, ఐఆర్ వెలుగుతుండగా, కెమెరా పిన్ దగ్గర 11 వోల్టులు నిలకడగా ఉండి కూడా అది రీస్టార్ట్ అవుతుంటే, అప్పుడు నిశ్చింతగా కెమెరా మార్చేయొచ్చు.